పెట్టేవారొకరు, బిల్లు కట్టేవారొకరు

పెళ్లిళ్ల రోజులు వచ్చాయంటే చిత్తూరు, తిరుపతి, పుత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి బజార్లలో ఎలక్ట్రికల్ అంగళ్లు కిటకిటలాడతాయి. ఆడపిల్లకు పెట్టే సామానులో ఒకప్పుడు ఇత్తడి బిందె, రాగి అండా, కొయ్య మంచం ఉండేవి. ఇప్పుడు ఆ వరుసలో ఫ్రిజ్, ఫ్యాను, మిక్సీ, గ్రైండరు, టీవీ చేరాయి. అప్పు చేసి అయినా ఇవన్నీ పెట్టి పంపడం మర్యాద అయి కూర్చుంది. ఆ మర్యాద మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది ఏమంటే, అంగట్లో బేరం జరిగేటప్పుడు వినిపించే ప్రశ్న ఒక్కటే: "కడాఖరుకు ఎంతకిస్తావు?" ఈ ఫ్రిజ్ ఏడాదికి ఎన్ని యూనిట్లు తింటుంది, ఈ ఫ్యాను ఎన్ని వాట్లు లాగుతుంది అని అడిగే పెళ్లిపెద్దలు బహు అరుదు. అడగవలసిన అవసరం వారికి లేదు మరి. సరుకు ధర కట్టేది ఆడపిల్ల తండ్రి. ఆ తరువాత పదేళ్లు, పదిహేనేళ్లు కరెంటు బిల్లు కట్టేది ఆ పిల్ల కాపురం చేసే ఇల్లు.

ఈ ముడి పెళ్లి సామానుతో ఆగలేదు. రాములవారి గుడికో, గంగమ్మ గుడికో, బడికో, అంగన్‌వాడీకో ఫ్యాను ఇచ్చే దాతలు ప్రతి పల్లెలోనూ ఉన్నారు. వారి మనసు మంచిదే. రెక్క రెక్కకూ పేరు రాయించి మరీ బిగిస్తారు. వెనకటికి ట్యూబులైటు మీద నల్ల అక్షరాలతో దాత పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాయించేవారు. వెలుతురు కన్నా పేర్లే బాగా కనిపించేవి. ఇచ్చినవారి ఖర్చు ఆ పూటతో అయిపోతుంది. నెలనెలా వచ్చే బిల్లు మాత్రం గుడి హుండీ మీదనో, పంచాయతీ మీదనో పడుతుంది. కరెంటు బకాయిల కింద తమ ఆర్థిక సంఘం నిధులను మళ్లించారంటూ 2021 తరువాత రాష్ట్రంలో సర్పంచులు రోడ్డెక్కిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అటువంటి పంచాయతీల నెత్తిన చవక ఫ్యాను ఒకటి పెట్టడం కన్నా, కొంత ఎక్కువ పెట్టి తక్కువ కరెంటు తినేది ఇవ్వడం పెద్ద దానం అవుతుంది.

ఇక తిరుపతిలో అద్దె గదుల సంగతి చెప్పనే అక్కరలేదు. యూనివర్సిటీ చదువులకు, కొండమీద కొలువులకు, హోటళ్లలో పనులకు మన పల్లెల నుంచి పోయిన పిల్లలు వేల సంఖ్యలో అద్దె గదుల్లో ఉంటున్నారు. గదికి ఫ్యాను బిగించేది ఇంటి యజమాని. అంగట్లో అన్నిటికన్నా చవకది తెచ్చి బిగిస్తాడు. కరెంటుకు యూనిట్‌కు ఇంత అని సొంత లెక్క కట్టి అద్దెతో కలిపి వసూలు చేస్తాడు. ఫ్యాను ఎంత తింటే అతనికేమి?

కొనేవారికీ బిల్లు కట్టేవారికీ మధ్య ఉన్న ఈ ఎడం వల్లనే జిల్లాలో చాలా ఇళ్లు అక్కరలేని యూనిట్లకు డబ్బు పోస్తున్నాయి. లెక్క ఏమంత కష్టమైనది కాదు. వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడిస్తే ఒక యూనిట్. వంద వాట్లదైతే పది గంటలకు ఒక యూనిట్. కాబట్టి వాట్లు ఒక్కటే చూసి భయపడడం గానీ, ధైర్యపడడం గానీ పొరపాటు. గంటలు కూడా చూడాలి. 750 వాట్ల మిక్సీ పెద్ద రొద చేస్తుంది, అందరూ దాన్నే అనుమానిస్తారు. అది రోజుకు పది నిమిషాలు తిరిగితే నెలకు నాలుగు యూనిట్లు కూడా కాదు. నడింట్లో చప్పుడు లేకుండా తిరిగే 75 వాట్ల ఫ్యాను రోజుకు పన్నెండు గంటల చొప్పున నెలకు 27 యూనిట్లు తింటుంది. కర్తరి ఎండల్లో శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు ఇళ్లలో ఫ్యాను పన్నెండు గంటలతో ఆగుతుందా? రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది.

దొంగ బయటివాడైతే కుక్క మొరుగుతుంది. ఇంటివాడైతే ఊరుకుంటుంది. ఫ్యాను సంగతి అంతే. దానితో పాటు గోడకు బిగించిన పాతకాలపు పెద్ద రెగ్యులేటరు డబ్బా ఒకటి ఉంటుంది. వేగం తగ్గిస్తే కరెంటు తగ్గిందనుకుంటారు. ఆ డబ్బా మీద చేయి పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది. తగ్గిన వేగం తాలూకు కరెంటులో కొంత ఆ వేడి కింద పోతున్నదన్నమాట. చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులో ఈ నష్టం చాలావరకు ఉండదు. దాని ఖరీదు ఒక సినిమాకు పోయివచ్చే ఖర్చు కన్నా ఎక్కువ కాదు.

ఇప్పుడు అంగళ్లలో బీఎల్‌డీసీ ఫ్యాన్లని దొరుకుతున్నాయి. మోటారు లోపల అయస్కాంతాలు, చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటాయి. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకునే చోట ఇవి 30 వాట్ల దరిదాపుల్లో అదే గాలి ఇస్తాయి. పన్నెండు గంటల చొప్పున నెలకు 27 యూనిట్లు అయ్యేచోట 11 యూనిట్లతో సరిపోతుంది. ఒక్క ఫ్యానుకు 16 యూనిట్లు మిగులు. రెండు ఫ్యాన్లుంటే 32.

32 యూనిట్లకు ఎంతని కొందరు తేలిగ్గా తీసేయవచ్చు. అక్కడే బిల్లు తీరు తెలుసుకోవాలి. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ధరల పట్టిక ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు ఒక్కొక్కటి రూ.1.90, తరువాత 75 వరకు రూ.3, ఆపైన 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, అది కూడా దాటితే రూ.9.75. మెట్లెక్కిన కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. పొదుపు చేసిన యూనిట్ కింది మెట్టు నుంచి తగ్గదు, పైమెట్టు నుంచి తగ్గుతుంది. నెలకు 150 యూనిట్లు కాలే ఇంటికి కరెంటు ఖరీదు కిందనే రూ.567 అవుతుంది. రెండు ఫ్యాన్లు మార్చి 118 యూనిట్లకు దిగితే అది రూ.385కు వస్తుంది. నెలకు 180 రూపాయల పైచిలుకు. యూనిట్లు అయిదో వంతు తగ్గితే డబ్బు మూడో వంతు దాకా తగ్గింది. స్థిర ఛార్జీ, సుంకం వంటివి ఈ లెక్కలో కలపలేదు. ఇంధన సర్దుబాటు పేరుతో వేసే ఛార్జీ కూడా యూనిట్ల లెక్కనే పడుతుంది కనుక అందులోనూ కొంత కలిసివస్తుంది.

మంచి ఫ్యానుకూ మామూలు ఫ్యానుకూ అంగట్లో తేడా సుమారు వెయ్యి నుంచి పదిహేను వందల రూపాయలు. పైన చెప్పిన ఇంటికి ఏడాదిన్నరలోపు ఆ తేడా తిరిగివస్తుంది. ఆ తరువాతిదంతా మిగులే.

అయితే అందరికీ ఒకే మాట చెప్పడం న్యాయం కాదు. ఒక గది ఇల్లు, ఒక ఫ్యాను, రెండు బల్బులతో నెలకు 40 యూనిట్లు దాటని కూలి కుటుంబానికి బీఎల్‌డీసీ ఫ్యాను కొనమని చెప్పడం ఎండలో నిలబెట్టి సలహా ఇచ్చినట్లుంటుంది. యూనిట్ మూడు రూపాయల లోపు పడే ఇంట్లో ఆ తేడా తిరిగి రావడానికి రెండేళ్ల పైనే పడుతుంది. వారు ఉన్న ఫ్యాను నడిచినన్నాళ్లు నడుపుకుని, అది పాడై కొత్తది కొనవలసి వచ్చినప్పుడు మాత్రం మంచిది చూసుకోవడం మేలు. కొంచెం కలిగిన ఇళ్లలో కూడా బాగున్న ఫ్యానును పారవేయనక్కరలేదు. ఎక్కువ గంటలు తిరిగే పడకగదిలో, నడింట్లో కొత్తది బిగించి, పాతదాన్ని చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం వాడే గదికి మార్చుకుంటే సరి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 200 యూనిట్ల లోపు ఉచిత విద్యుత్తు ఉన్నది. వారికి ఫ్యాను, ఫ్రిజ్ ఎంపిక ఆ పరిమితి లోపల ఉండడానికి పనికివస్తుంది.

ఈ ఫ్యాన్ల మీద పల్లెల్లో ఒక ఫిర్యాదు ఉన్నది, అది నిజమైన ఫిర్యాదే. మామూలు ఫ్యాను కాలితే సందు చివర వైండింగు మేస్త్రీ రెండు మూడు వందలకు తిరిగి చుట్టి ఇస్తాడు. బీఎల్‌డీసీ ఫ్యానులో బోర్డు పోతే ఆయన చేతులెత్తేస్తాడు. కంపెనీ మనిషి పల్లెకు రాడు. ఫ్యానును సంచిలో వేసుకుని టౌనుకు పోవలసిందే. అందుకే బిల్లు లేకుండా కొనరాదు. పన్ను తగ్గుతుందని చెప్పి చీటీ మీద రాసిచ్చే అంగళ్లు ఉన్నాయి. ఆ చీటీతో వారంటీ రాదు. అంగడి ముద్ర, తేదీ వేసిన వారంటీ కార్డును ఇంటి పత్రాలతో పాటు దాచుకోవాలి. ఇంకొక పక్క ఈ ఫ్యాన్లకు పల్లెలో పనికివచ్చే గుణం కూడా ఉంది. సాయంత్రం లోవోల్టేజీలో మామూలు ఫ్యాను గానుగెద్దులా తిరిగేటప్పుడు ఇవి వేగం తగ్గకుండా తిరుగుతాయి. ఇన్వర్టరు బ్యాటరీ మీద కూడా రెట్టింపు సేపు వస్తాయి.

బల్బుల విషయంలో మన రాష్ట్రం ఒకసారి ఈ దారి నడిచి చూసింది. 2014 అక్టోబరులో గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో పాత గుండు బల్బులు తీసుకుని ఇంటికి రెండు ఎల్‌ఈడీ బల్బులు పది రూపాయల చొప్పున ఇచ్చే పథకం మొదలయింది. తరువాత తక్కిన జిల్లాలకు విస్తరించారు. 2015 జనవరి 5న ప్రధాని దేశమంతటికీ దీన్ని ప్రారంభించారు. అదే ఉజాలా. మొత్తం 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. అందులో తెలుసుకోదగిన సంగతి ధర. 2014లో ప్రభుత్వ సంస్థ టోకున కొన్నప్పుడు ఒక్కో బల్బు 310 రూపాయలు పడింది. 2016 నాటికి అదే బల్బు 38 రూపాయలకు దిగింది. జనం పెద్ద ఎత్తున కొనేసరికి ధర తానే దిగివచ్చింది. 60 వాట్ల గుండు బల్బు ఇచ్చే వెలుతురును 9 వాట్ల బల్బు ఇస్తున్నదని ఇవాళ పల్లెలో ఎవరికీ నచ్చజెప్పనక్కరలేదు.

అయినా కొన్ని మిగిలే ఉన్నాయి. పశువుల కొట్టంలో, బావి దగ్గర మోటారు గదిలో, గుడి గర్భాలయంలో ఇంకా గుండు బల్బులే వేలాడుతున్నాయి. దేవుడి గదిలో రాత్రంతా వెలిగే జీరో బల్బు సంగతి మరీ విచిత్రం. పేరుకు జీరో, నిజానికి పదిహేను వాట్ల దాకా తింటుంది. రాత్రి పది గంటలు వెలిగితే నెలకు నాలుగున్నర యూనిట్లు. అర వాటు ఎల్‌ఈడీ చిన్నబల్బు ఆ పని చేస్తుంది. పాత ట్యూబులైటు 40 వాట్లన్నారు కదా అనుకుంటే దాని చోకు మరో పది పన్నెండు వాట్లు తినేది. 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ దాని చోటు తీసుకుంటుంది.

ఫ్యాన్లకు కూడా ఇటువంటి పథకం మన రాష్ట్రంలోనే 2016లో మొదలయింది. 50 వాట్ల ఫ్యాన్లు ఇచ్చి, ఒకేసారి గానీ, నెలనెలా కరెంటు బిల్లుతో పాటు వాయిదాల్లో గానీ డబ్బు కట్టే వీలు కల్పించారు. బల్బుకు వచ్చినంత ఊపు దానికి రాలేదు. పది రూపాయలు ఎవరైనా తీసి ఇస్తారు, వెయ్యి రూపాయలకు ఆలోచిస్తారు. అయితే బిల్లుతో పాటు వాయిదా అన్న ఆలోచన మాత్రం చక్కనిది. పొదుపైన డబ్బుతోనే వాయిదా తీరిపోతుంది, ఇంటివారి చేతి నుంచి అదనంగా పోయేది ఉండదు.

ఫ్రిజ్ విషయం వేరు. ఫ్యానుకు కనీసం చలికాలంలో సెలవు ఉంటుంది. ఫ్రిజ్‌కు సంక్రాంతీ లేదు, ఉగాదీ లేదు. బెంగళూరులో, చెన్నైలో పట్నవాసులు మార్చేసిన పాత ఫ్రిజ్‌లు సెకండ్‌హ్యాండ్ అంగళ్ల ద్వారా మన పల్లెలకు చేరుతున్నాయి. నాలుగైదు వేలకే వచ్చిందని సంబరపడి తెచ్చుకుంటారు. తలుపు రబ్బరు వదులై, గ్యాసు తగ్గి, కంప్రెసరు ఆగకుండా తిరిగే ఫ్రిజ్ వంద వాట్ల చొప్పున రోజంతా నడిస్తే నెలకు 72 యూనిట్లు. కొత్త చిన్న ఫ్రిజ్, ఒక తలుపుది, మంచి గుర్తు ఉన్నది అయితే ఏడాది మొత్తానికి 200 యూనిట్ల లోపే. పాతది మూడు నెలల్లో తినేది కొత్తది సంవత్సరంలో తింటుంది. ఇంట్లో ఉన్న ఫ్రిజ్ తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడవచ్చు. సులువుగా జారివస్తే రబ్బరు మార్చవలసి ఉన్నట్టే. రబ్బరు మార్చడం వందల్లో పని, వేలల్లో కాదు.

ఆ గుర్తు గురించి రెండు మాటలు. 2001లో పార్లమెంటు చేసిన ఇంధన పొదుపు చట్టం కింద 2002 మార్చిలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. 2006 నుంచి ఆ సంస్థ సామాన్లకు నక్షత్రాల గుర్తు ఇస్తున్నది. ఒకటి నుంచి అయిదు దాకా, నక్షత్రాలు ఎక్కువైన కొద్దీ కరెంటు తక్కువ. ఫ్రిజ్‌లకు, ఏసీలకు, ఎల్‌ఈడీ బల్బులకు ముందే తప్పనిసరి అయింది. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి తప్పనిసరి. మనవాళ్లు నక్షత్రాలు లెక్కపెట్టి తృప్తిపడుతున్నారు. అది సగం చదువే. కొన్నేళ్లకొకసారి ఆ సంస్థ ప్రమాణం పెంచుతుంది. ఆనాటి అయిదు నక్షత్రాల సరుకు ఈనాటి కొలతలో మూడుకో రెండుకో దిగవచ్చు. గోడౌనులో పాత సరుకు మిగిలిన అంగడివాడు పండుగ తగ్గింపు అని దాన్నే ముందు చూపిస్తాడు. గుర్తు మీద సంవత్సరం అచ్చువేసి ఉంటుంది. ఫ్రిజ్‌కైతే ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకె ఉంటుంది. నక్షత్రాల కన్నా ఆ అంకె, ఆ సంవత్సరం చదవాలి. ఫ్యానుకైతే వాట్లతో పాటు గాలి ఎంత తోస్తుందో కూడా రాసి ఉంటుంది. వాట్లు తగ్గించి గాలి కూడా తగ్గించిన ఫ్యాను కొంటే ఇంట్లో ముసలివాళ్లు పెట్టే తిట్లు కొన్నవారే పడాలి.

ఏసీలు ఇప్పుడిప్పుడే పల్లెల్లోకి వస్తున్నాయి. ఉన్నవారు 24 డిగ్రీల దగ్గర పెట్టి, పైన ఫ్యాను తిప్పుకుంటే చాలు. 2020 జనవరి నుంచి తయారైన ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి. దాన్ని పనిగట్టుకుని 18కి దించి దుప్పటి కప్పుకోవడం వారి ఇష్టం. నీళ్లు కాచే గీజరు, రాడ్డు రెండు వేల వాట్ల సామాన్లు. గంటకు రెండు యూనిట్లు. మన ఎండకు సూర్యుడి వేడితో నీళ్లు కాచే ట్యాంకు మిద్దె మీద పెట్టుకోగలవారికి అదే మేలు. గ్రైండరు వారానికి రెండు మూడు సార్లు తిరిగేది, దాని గురించి బెంగపడవలసిందేమీ లేదు. టీవీ ఆపి పెట్టెను వెలగనిచ్చే అలవాటు మాత్రం మానుకోవాలి. రిమోటుతో ఆపిన సెట్‌టాప్ పెట్టె రాత్రంతా కరెంటు తింటూనే ఉంటుంది.

కరెంటు ఒక్కటే ఇంధనం కాదు. పొయ్యి కూడా ఈ లెక్కలోదే. మూడు రాళ్ల పొయ్యిలో పెట్టిన కట్టెల వేడిలో పదో వంతు మాత్రమే గిన్నెకు చేరుతుందని నిపుణులు చెబుతారు. తక్కినది గోడకూ గాలికీ, పొగంతా వండే ఆడవారి ఊపిరితిత్తులకూ పోతుంది. 1980 దశకంలో కేంద్రం పొగరాని పొయ్యిల పథకం పెట్టి ఊరూరా పొయ్యిలు కట్టించింది. 2002లో ఆ పథకం ముగిసింది. గొట్టం మసి పట్టి మూసుకుపోతే శుభ్రం చేసేవారు లేక, తమ గిన్నెలకు సరిపోక చాలామంది ఆడవారు వాటిని పక్కన పెట్టేశారు. ఎన్ని కట్టారన్న లెక్కే తప్ప ఎన్నింటిలో వంట జరుగుతున్నదన్న విచారణ అంతగా లేకపోయింది. ఫ్యాన్లు, బల్బులు పంచే పథకాలకు కూడా ఇది పాఠం. వండేవారిని అడగకుండా పొయ్యి, కింద పడుకునేవారిని అడగకుండా ఫ్యాను ఇచ్చి ప్రయోజనం లేదు.

1999లో దీపం పథకంతో గ్యాసు పొయ్యి పల్లెకు వచ్చింది. 2024 నవంబరు 1న మొదలైన దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. నాలుగోది సొంత డబ్బే. మన ప్రమాణాల ప్రకారం గ్యాసు పొయ్యి తనలో మండే వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు అందించాలి. సంతలో ముద్ర లేకుండా అమ్మే పొయ్యిలకు ఆ పూచీ లేదు. మంట నీలంగా ఉండాలి. పచ్చగా లేచి గిన్నె అడుగు మసి పడుతుంటే బర్నరు పూడుకుపోయినట్టే. గుండుసూదితో పొడిచి, ఉప్పునీళ్లతో కడిగితే పోయేదానికి చాలామంది గ్యాసు మంచిది రాలేదని డీలరును తిడుతున్నారు. సంగటికి బియ్యం కుక్కరులో ఉడికించుకుని తరువాత పిండి వేసి గెలికే ఇళ్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి. రుచి తగ్గిందని పెద్దవాళ్లు అంటారు గానీ సిలిండరు నాలుగు రోజులు ఎక్కువ వస్తున్నది.

మొదట చెప్పిన ముడి అన్నిటికన్నా గట్టిగా పడింది పొలంలో. 2004 మే 14న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీద సంతకం చేశారు. బోర్ల మీద బతికే ఈ సీమకు అది ప్రాణం పోసిందనడంలో సందేహం లేదు, దాన్ని తీసివేయమనే ఆలోచన ఎవరికీ ఉండరాదు. కాకపోతే బిల్లు ప్రభుత్వం కడుతున్నది కనుక మోటారు ఎంత తింటున్నదో రైతుకు తెలియదు. నాలుగుసార్లు కాలి నాలుగుసార్లు చుట్టించిన మోటారు అదే నీళ్లకు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కి మళ్లీ కాలుతుంది. పలమనేరు, పుంగనూరు వంటి పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లున్నాయి. అంత లోతు నుంచి పైపులు లాగి మోటారు బయటికి తీసేందుకు కూలీ, చుట్టించే ఖర్చు, మళ్లీ దించే ఖర్చు రైతువే. ఈలోగా ఎండిన టమాటా చేను నష్టం కూడా రైతుదే. కరెంటు ఉచితం, మోటారు కాలడం ఉచితం కాదు. ఐఎస్ఐ ముద్ర ఉన్న మోటారు, బోరు లోతుకు తగిన స్టేజీల పంపు, దానికి కెపాసిటరు పెట్టుకున్న రైతుకు ఆ ఖర్చు తగ్గుతుంది. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న ఆటోస్టార్టర్లన్నీ ఒకేసారి మోటార్లను లేపితే వోల్టేజీ పడిపోయి అందరి మోటార్లకూ దెబ్బే. కెపాసిటరు పది మందిలో ఒక్కడు పెట్టుకుంటే చాలదు, పది మందీ పెట్టుకోవాలి. దాని ఖరీదు ఒకసారి మోటారు చుట్టించే ఖర్చులో చిన్న భాగం.

ఇప్పుడు ఇంటి మిద్దెల మీద సౌర పలకల మాట గట్టిగా వినిపిస్తున్నది. 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చింది. మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల దాకా కేంద్రం సబ్సిడీ ఇస్తున్నది. 2025 జనవరిలో కుప్పం మండలం నడిమూరులో ఊరంతటికీ సౌర విద్యుత్తు అన్న ప్రయత్నాన్ని ముఖ్యమంత్రి ప్రారంభించారు. మంచిదే. అయితే పలకలు పెట్టుకోబోయే కుటుంబం ముందుగా ఇంట్లోని ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు చూసుకోవాలి. సామాన్లు మార్చుకుంటే మూడు కిలోవాట్లు కావలసిన చోట రెండుతో సరిపోవచ్చు. కన్నాలున్న తొట్టికి పెద్ద మోటారు బిగించడం వల్ల లాభం ఏమున్నది?

తిరుపతిలోనే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది. ఏటా డిసెంబరు 14 రాగానే ఇంధన పొదుపు వారోత్సవాలు జరుగుతాయి. బడిపిల్లల చేత అట్టలు పట్టించి ఎండలో నడిపిస్తారు, ఫ్లెక్సీ కట్టి ఫొటో దిగుతారు. ఆ పిల్లలు ఇంట్లో ఫ్రిజ్ కొనేవారు కారు. ఆ వారోత్సవం పెళ్లిళ్ల ముందర, అంగళ్ల వీధిలో జరిపి, రెండు ఫ్యాన్లకు రెండు మీటర్లు బిగించి పక్కపక్కన తిప్పి చూపితే పల్లె జనం నిలబడి చూస్తారు. కళ్లతో చూసినది నమ్ముతారు. నెలనెలా ఇంటికి వచ్చి బిల్లు తీసే మనిషి చేత, గత నెల కన్నా మెట్టు ఎక్కారా దిగారా అన్న ఒక్క ముక్క అచ్చు వేయించి ఇవ్వడం కూడా పెద్ద ఖర్చు కాదు.

డ్వాక్రా సంఘాలు ఈ పనికి అన్నిటికన్నా తగినవి. పొదుపు, అప్పు, వాయిదా అన్నవి ఆ మహిళలకు కొత్త కాదు. ఒక ఊరి సంఘాలన్నీ కలిసి వంద ఫ్యాన్లు ఒకేసారి కొంటామంటే టౌనులో వ్యాపారి ధర తగ్గించి, బిల్లుతో, వారంటీతో ఊరికే తెచ్చి బిగించి పోతాడు. బల్బుకు ఢిల్లీలో జరిగిన టోకు బేరమే ఇక్కడ చిన్న ఎత్తున జరుగుతుంది. జిల్లాల్లోని ఐటీఐల్లో చదివే పిల్లలకు, సందు చివర వైండింగు మేస్త్రీలకు ఆ ఎలక్ట్రానిక్ బోర్డులు మార్చడం, బాగుచేయడం నేర్పించే పనిని అధికారులు చేపట్టాలి. కూడలి ఊర్లో ఒక్క మేస్త్రీ ఆ పని నేర్చుకున్నా చుట్టుపక్కల పది ఊళ్ల భయం తీరుతుంది, ఆయనకూ నాలుగు రూకలు వస్తాయి. వచ్చే మాఘమాసపు ముహూర్తాల కన్నా ముందే ఈ రెండు పనులూ మొదలుకావాలి. అంతదాకా పెళ్లి సామాను కొనబోయే తండ్రులు అంగడికి పోయేటప్పుడు కూతురిని కూడా వెంట తీసుకుపోయి, ఆ గుర్తు మీది అంకె ఆమె చేతనే చదివించడం మంచిది.